జమ్మలమడుగు సుఖాంతం

ప్రొద్దుటూరు,
జూలై 4, 2025.

మహారాజశ్రీ మామగారి దివ్యసముఖమునకు, మేనకోడలు సాహితి నడుం పట్టేసేదాకా వంగి చేయు నమస్కారములు.

మామా, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సు గంటలోపే వస్తుంది. కానీ మన రెండిళ్ళ మధ్య సరిహద్దు దాటడానికి వీసా ఇచ్చేవాళ్ళే లేరు. అక్క పెళ్ళి నాడు మొదలైన యుద్ధం ఇంకా ఆగలేదు. ఆ దృశ్యం నా కళ్ళముందే ఉంది. మేనమామగా మీరు అక్కను బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకురావాలి. బుట్ట ఎత్తబోతూ మీరు "మా టెంటు సినిమాలో రాకుమారి మాదిరి ఉండాది బిడ్డ" అన్నారు. నాయన "ఆ రాకుమారి ఏట్లో పడి సచ్చింది, పెళ్ళిపూట దాని పేరెత్తుతావా" అన్నాడు. మీరు "దానికి పెండ్లయింది, నువ్వు ఆపొద్దు నిద్రపోయినావు బావా" అన్నారు. ఆ తర్వాత రెండు వైపులా జనం చేరారు. అక్క బుట్టలోనే ఉంది. చివరికి తనే లేచి, బుట్ట దాటి, పీటల మీదికి నడిచిపోయింది. మా వంశంలో స్వయంగా నడిచివెళ్ళి పెళ్ళి చేసుకున్న తొలి వధువు ఆమే.

ఫోను చేద్దామంటే టెంటు సినిమాహాలు నడుపుతూ డీజిల్ జనరేటర్ పక్కన జీవితం గడిపిన మీ చెవులకు వినిపించదు. అందుకే ఉత్తరం. జవాబు మా వెండి షాపుకు రాస్తే నాయన చేతిలో పడుతుంది. ఎదురుగా ఉన్న సుమయ్యక్క టైలరింగ్ షాపుకు రాయండి. జాకెట్ల మధ్య దాచిపెడతానని మాటిచ్చింది.

ఇక విషయం. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి నాయన షాపులో పట్టీలు తూకం వేస్తున్న నేను, మిగిలిన వేళల్లో పాత రీళ్ళ పరిరక్షణ సంఘానికి కార్యదర్శిని. సభ్యులం ఇద్దరం. రెండోవాడు నా క్లాస్‌మేటు, పులివెందుల జాఫర్. వాళ్ళ నాయనకు అరటికాయలు మాగబెట్టే చల్లటి గోడౌను ఉంది. అందులో ఒక మూల జాఫర్ పాత ప్రొజెక్టరుకు కెమెరా బిగించి, ఫిల్మును ఒక్కొక్క బొమ్మగా కంప్యూటర్లోకి ఎక్కించే యంత్రం తయారుచేశాడు. మూతపడిన సినిమాహాళ్ళ అటకలెక్కి, ఎలుకలతో పోరాడి, పోయాయనుకున్న చిత్రాలను మేం బతికిస్తాం. ఇంతవరకు బతికించినవి ఒక పళ్ళపొడి ప్రకటన, ఒక సినిమాలో సగం.

ఇప్పుడు మా కన్ను మీ రాకుమారి సినిమా మీదే పడింది. 'చిత్రావతి శపథం' కాపీ ఇంటర్నెట్‌లో ఒక్కటే ఉంది. రాకుమారి ఏటి మెట్ల దగ్గరికి పోయేసరికి అది తెగిపోతుంది. ఆఖరి ఘట్టం ప్రపంచంలో ఎక్కడా లేదు. అప్పట్లో చూసినవాళ్ళేమో ఆమె మునిగిపోతుందంటారు. జమ్మలమడుగు వాళ్ళు మాత్రం మూకుమ్మడిగా పెళ్ళయిందంటారు. రాయలసీమ జనం కోసం దర్శకుడు రహస్యంగా రెండో ముగింపు తీశాడని అభిమానుల సిద్ధాంతం. దాన్ని 'సుఖాంతం ప్రింటు' అంటారు. హైదరాబాదులో ఒక ఫిలిం క్లబ్బు దాని కోసం సెప్టెంబరులో పెద్ద తెర సిద్ధం చేసి కూర్చుంది.

జమ్మలమడుగులో ఆ రోజుల్లో ఉన్న టెంటు ఒక్కటే. అది మీది. మామా, ప్రింటు ఉందా?

ఇట్లు,
కార్యదర్శి, ఉపాధ్యక్షురాలు, కోశాధికారి (కోశం ఖాళీ),
సాహితి.

*

జమ్మలమడుగు,
జూలై 9.

చి. సాహితిని ఆశీర్వదించి మామ బాలసుబ్రహ్మణ్యం రాయునది.

కవరు మీద 'దివ్యసముఖం' అని చూసి మా పోస్టుమన్ నూర్ అహ్మద్ "ఏమప్పా, నీకు యాడన్నా గుడి కట్టినారా?" అని అడిగినాడు. ఇంకోసారి మామూలుగా రాయి.

ప్రింటు ఉంది. బాక్సు వాపసు పంపమని అడగాల్సిన కంపెనీయే మూతపడింది, అందుకని నా దగ్గరే ఉండిపోయింది. మిద్దె మీద గదిలో, ఎండుమిరపకాయల పక్కన. మిరపకాయల ఘాటుకు ఎలుక రాదు, పురుగు రాదు, నేనూ ఎక్కువగా పోను.

రాకుమారికి పెండ్లయింది. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు. నా టెంటులో వేసిన సినిమా గురించి నాకు తెలియదా? కావాలంటే తీసుకుపోయి చూసుకోండి. చూసి, ఆ నిద్ర బావకు కూడా చెప్పు.

ఒక సందేహం. ఆ గదిలో ఒక రేకు డబ్బా ఉంది. దాంట్లోంచి పులిసిన వాసన వస్తాంది, కండ్లు మండుతాయి. మీ అత్త కామాక్షమ్మ ఉన్నప్పుడు ఒడియాల డబ్బా అనేది. అత్త పోయి ఐదేండ్లాయె. అయినా దాంట్లో తెగిపోయిన ఫిలిం ముక్కలు కూడా ఏమన్నా పడేసినామేమో గుర్తు లేదు. దాన్ని ఏం చేయాల?

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఎలుకలతో పోరాడేటప్పుడు చెప్పులు వేసుకో.

ఆశీస్సులతో,
మామ.

*

ప్రొద్దుటూరు,
జూలై 13.

దివ్యసముఖం రద్దయిన మామకు,

మీ ఉత్తరం చదివి నేను వేసిన కేకకు సుమయ్యక్క కత్తెర జారి ఎవరిదో పట్టుచీర కొంగు కాస్త తెగింది. చరిత్ర నిర్మాణంలో ఇలాంటి త్యాగాలు తప్పవు.

మామా, ఇప్పుడు నా బి.ఎస్సీ. మొత్తం ఒక్క పేరాలో ఉపయోగిస్తాను, శ్రద్ధగా చదవండి. ఆ పుల్లటి వాసన ఫిలిం కుళ్ళుతున్న వాసన. వెనిగర్ వాసన అంటారు. అది అంటువ్యాధి. ఒక డబ్బాలో మొదలైతే ఆ ఆవిరి పక్క డబ్బాలకు సోకుతుంది, వాటినీ తినేస్తుంది. కాబట్టి ఆ డబ్బా మూత కూడా తీయొద్దు. ఇవాళే ఇంట్లోంచి వెళ్ళగొట్టండి. తెగిన ముక్కల కోసం ఆశపడి మహాప్రింటును చంపుకోకూడదు. ఇది కార్యదర్శి ఉత్తర్వు.

జాఫర్ ఈ నెలాఖరులో వాళ్ళ చీనీకాయల బండి వేసుకొని వస్తాడు. బాక్సులు అతనికి ఇవ్వండి. బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి డబ్బు ఆశ చూపిస్తే తలుపు వేయండి. ఆయన ప్రింట్లు కొని బీరువాలో పెట్టి తాళం వేసుకునే రకం. అది పరిరక్షణ కాదు, కారాగారం.

నాయనను మాటల్లో పెట్టి ఊరికే అడిగాను, "ఆ సినిమాలో చివరికి ఏమవుతుంది నాయనా" అని. తక్కెడ దించకుండానే "సస్తుంది" అన్నాడు. కస్టమరు ఉలిక్కిపడింది.

మీ,
సాహితి.

*

జమ్మలమడుగు,
జూలై 28.

చి. సాహితికి,

జాఫర్ వచ్చినాడు. మంచి పిల్లోడు. వాకిట్లోనే చెప్పులిడిచినాడు. కానీ ప్రతి రీలు మూత తీసి ముక్కు పెట్టి వాసన చూసినాడు. మా ఎదురింటి ముసలామె "ఆ అబ్బాయికి ఏమన్నా జబ్బా?" అని నన్ను అడిగింది.

నీ ఉత్తర్వు పాటించినాను. ఆసుపత్రుల పాత ఎక్స్‌రేలు కొని, వాటిలోని వెండి తీసే కలీం ఈ మధ్య మా వీధిలోకి వచ్చినాడు. డబ్బా అతని చేతిలో పెట్టినా. మూత తీయలేదు. పీడ వదిలింది.

ఇప్పుడు అసలు మాట. జాఫర్ పోతా పోతా ఒక మాటన్నాడు. "మామా, ఆఖరి రీలు హైదరాబాదులో పెద్ద తెర మీద వేస్తాం. దర్శకుడు రహస్యంగా తీసిన ముగింపు అని పేపర్లలో వస్తుంది. మీరు కూడా స్టేజీ ఎక్కాల" అని. నాకు ఆ దినం నుంచి అన్నం సయించడం లేదు.

ఆఖరి రీలు ఎవరికీ చూపించవద్దు. మిగతాదంతా మీ ఇష్టం. అసలు ఆ రీలు యంత్రానికి ఎక్కించక ముందే వాపసు పంపించు. కారణం అడగవద్దు. పెద్దవాడిని, చెప్తాండా.

మామ.

*

ప్రొద్దుటూరు,
ఆగస్టు 3.

మామగారికి,

ఈసారి నమస్కారాలు ముందు పెట్టడం లేదు. చివర్లో పెట్టేదీ అనుమానమే.

మీ ఉత్తరం వచ్చేలోపే ఆఖరి రీలు యంత్రం ఎక్కింది. జాఫర్ పొద్దున ఫోను చేశాడు. వాడు ఏనాడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. "సాహితీ, ఆ పెండ్లి దొంగ పెండ్లి" అన్నాడు.

రాకుమారి ఏటి మెట్లు దిగుతుంది. నీళ్ళలో ఒక కాలు పెడుతుంది. అక్కడ ఫిలిం అతికిన జాయింటు ఒకటి. మరుక్షణం ఆమె పందిట్లో రాకుమారుడి పక్కన ఉంది. కాళ్ళు తడిగా కూడా లేవు. చీర వేరే. మెడలో హారం వేరే. ఎందుకంటే అది సినిమా మొదట్లో ఆమె కనే కలలోని పెళ్ళి పాట! ఇంకో కాపీలోంచి ఆ పాట కత్తిరించి తెచ్చి ఇక్కడ అతికించారు. దర్శకుడి రహస్య ముగింపూ లేదు, సుఖాంతం ప్రింటూ లేదు. ఎవడో కసాయి బ్లేడు పట్టుకొని సినిమా గొంతు కోశాడు. అసలు ముగింపును ఎక్కడ పారేశాడో!

నేను హైదరాబాదు వాళ్ళకు ఏమని రాశానో తెలుసా? 'ప్రపంచంలో ఏకైక సుఖాంతం ప్రింటు మా మామ దగ్గర లభ్యమైనది' అని. ఏకైక అనే మాట కింద గీత కూడా గీశాను.

మామా, ఆ కసాయి ఎవరో మీకు తెలుసు. లేకపోతే రీలు దాచమని ఎందుకు రాస్తారు? మీ ఆపరేటరా? లేక రీలు వాపసు అడిగింది ఆ బెంగళూరు ఆయనకు అమ్ముకోవడానికా? వాడి పేరు చెప్పండి. ఆ ముక్క ఎక్కడ పోయిందో చెప్పండి. ఇది సరదాగా రాస్తున్నది కాదు. ఇన్నేళ్ళూ మీరు పదిమందిలో నాయనను నిద్ర బావ అని నవ్వులపాలు చేశారు. ఆయన చూసిందే నిజమన్నమాట.

సాహితి.

*

జమ్మలమడుగు,
ఆగస్టు 7.

చి. సాహితికి,

కసాయి పేరు బాలసుబ్రహ్మణ్యం. ఊరు జమ్మలమడుగు. ఇప్పుడు వానికి డెబ్భై దాటినాయి, కేసు పెట్టాలంటే త్వరపడు.

నేను ఎవరికీ అమ్మను. ఆ మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది.

ఆ సినిమా మా టెంటుకు రెండోసారి వచ్చిన యేడు మా పసిబిడ్డ పోయింది. పేరు పెట్టే వరకు కూడా ఉండలేదు. మీ అమ్మకు తెలుసు, ఎప్పుడూ చెప్పి ఉండదు. మీ అత్త ఆడవాళ్ళ వైపు టికెట్లు ఇచ్చేది. ఇంట్లో ఒక్కతే ఉంటే పిచ్చి పడుతుందని నేనే తీసుకొచ్చి కూర్చోబెట్టినాను. రోజూ ఆఖరి రీలు పడేసరికి లోపలికొచ్చి నిలబడేది. రాకుమారి నీళ్ళలోకి పోతుంది, పోతుంది, తల మీదికి నీళ్ళొస్తాయి, చెయ్యి ఒక్కటి పైన ఉంటుంది, అది కూడా పోతుంది. మీ అత్త ఏడ్చేది కాదు. ఏడిస్తే బాగుండేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని "ఆ చెయ్యి పట్టుకునేదానికి ఒక్కరూ లేకపోయిరి గదా" అనేది.

నాకేం చేతనవుతుంది? దేవుడిని కాను. కానీ టెంటు నాది, బ్లేడు నాది, ఫిలిం సిమెంటు సీసా నాది. నా టెంటులో ఎవరూ సావకూడదు అనుకున్నా. ఆ ముక్క కోసి టెంటు వెనక పెన్న ఇసుకలోకి విసిరేసినా. పెండ్లి పాట తెచ్చి అతికినా. మరుసటి ఆట చూసి మీ అత్త నా మొహం చూసింది. "పెండ్లయిందా?" అంది. "అయింది, కొత్త ప్రింటు తెప్పించినా, ఇదే సరైనది" అన్నా. ఇంటికొచ్చి అన్నం తినింది.

మీ నాయన దానికి ముందే మొదటి వారంలో చూసిపోయినాడని నాకేం తెలుసు? ఆయన మా ఇంటికి అల్లుడై వచ్చి, మొదటి విస్తరి ముందు కూర్చుని, మీ అత్త నెయ్యి వడ్డిస్తాంటే "మీ టెంటులో రాకుమారి సచ్చే సినిమా చూసినా" అన్నాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నువ్వు నిద్రపోయినావు బావా, ఆమెకు పెండ్లయింది" అన్నా. అందరూ నవ్విరి. ఆ మాట అట్లనే నిలబెట్టుకుంటూ వచ్చినా. ఆమె పోయినాక మార్చొచ్చు గదా అంటావు. ఆమెకు చెప్పిన మాట ఆమె పోయినాక మారిస్తే, అప్పుడు గదా అది అబద్ధమయ్యేది?

ఒక సంగతి మాత్రం నిన్నటి నుంచి కలుక్కుమంటాంది. ఆ రేకు డబ్బా మీ అత్తది. నేను మూత తీయబోయినప్పుడల్లా "ఒడియాలుండాయి, ముట్టుకోవద్దు" అని కసిరేది. సినిమా ముక్కలు నేనెప్పుడూ దాంట్లో వేయలేదు, ఇప్పుడు బాగా గుర్తుకొచ్చింది. మరి ఒడియాలకు ఫిలిం కుళ్ళిన వాసన యాడిది?

మామ.

*

జమ్మలమడుగు,
ఆగస్టు 12.

చి. సాహితికి,

నా ఉత్తరానికి జవాబు లేదు. నూర్ అహ్మద్ రోజూ దూరం నుంచే చెయ్యి ఊపి లేదంటాడు. మామ మోసగాడని మొహం తిప్పుకున్నావేమో. తిప్పుకో. అది నీ ఇష్టం.

కానీ ఒక్కటి. మీ నాయనకు ఇదేమీ చెప్పవద్దు. ఆయన గెలిచినాడంటే నాకు బాధ లేదు. గెలిచిన సంతోషంలో నలుగురికీ చెప్తే మీ అత్త పేరు, బిడ్డ మాట అందరి నోళ్ళలో నలుగుతాయి. ఇన్నేండ్లు కాపాడుకున్నది అదొక్కటే.

డబ్బా పోతే పోయింది. వెతకవద్దు.

మామ.

*

ప్రొద్దుటూరు,
ఆగస్టు 14.

మామా,

నేను మొహం తిప్పుకోలేదు. సుమయ్యక్క వాళ్ళ చెల్లెలి పెళ్ళికి రాజంపేట పోయింది, షాపు మూసి. ఇవాళ షట్టరు ఎత్తితే మీ రెండు ఉత్తరాలూ కింద పడి ఉన్నాయి. ఒకటి నిలబడే విప్పి చదివాను. మిషను ముందు స్టూలు మీద కూలబడి రెండోది చదివాను.

బెంగళూరు మాట రాసినందుకు నన్ను కొట్టండి. వీపు సిద్ధంగా ఉంచుతాను. కానీ దానికి ముందు ఇది వినండి. అత్త డబ్బాలో ఉన్నది ఆ ముక్కే. ఇంకేదీ కాదు. మీరు విసిరేసింది ఆమె ఏరుకుంది. ప్రపంచంలో ఎక్కడా లేని ఆఖరి ఘట్టం మీ మిరపకాయల పక్కన ఉంటే, పెద్ద శాస్త్రవేత్తలా మూత తీయొద్దు, వెళ్ళగొట్టండి అని రాసింది నేను.

కలీం మాకు కొత్తవాడు కాదు. ఫిల్మును మందు నీళ్ళలో నానబెట్టి తీసిన వెండిని మా షాపుకే అమ్ముతాడు. నిన్న నాయన ఒక కడ్డీ కౌంటరు మీద పెట్టి "కలీం సరుకు, శుద్ధంగా ఉండాది, పట్టీలకు పంపించు" అన్నాడు. అప్పుడు నాకేమీ తెలియదు. నవ్వుతూ తూకం వేశాను. అది ఇంకా నా ముందే ఉంది మామా. పంపించలేకపోతున్నాను. దాని వైపు చూడలేకపోతున్నాను.

కలీం ఫోను పలకడం లేదు. వాడి షెడ్డు ఎక్కడో నాయనకు ఒక్కడికే తెలుసు. నాయనను అడిగితే ఎందుకంటాడు. ఎందుకో చెబితే మీ ఉత్తరాలు, నా ఉత్తరాలు, అత్త, బిడ్డ, అన్నీ బయటపడతాయి. చెప్పొద్దన్నారు మీరు.

మామా, నేను చెప్పబోతున్నాను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి నేరుగా ఆయన ముందుకు పోతున్నాను.

సాహితి.

*

ప్రొద్దుటూరు,
ఆగస్టు 16.

పూజ్యులైన మామకు,

పూజ్యులు అనే మాట ఈసారి ఎగతాళికి వాడలేదు. నాకే కొత్తగా ఉంది.

నాయన దగ్గరికి పోయి "కలీం షెడ్డు యాడ నాయనా?" అన్నాను. "నీకెందుకు?" అన్నాడు. మీ ఆగస్టు ఏడు ఉత్తరం చేతికిచ్చాను. చదివాడు. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆ తర్వాత మా రాఘవేంద్రప్రసాద్ గారు చేసిన పని ప్రొద్దుటూరు బజారు చరిత్రలో లేదు. శ్రావణమాసంలో, పెళ్ళిళ్ళ బేరాల మధ్య, పట్టపగలు షట్టరు దించాడు. కస్టమరొకామె "ఎవరన్నా పోయినారా శెట్టీ?" అని అడిగింది. "పోకుండా చూసేదానికే పోతాండాం" అని స్కూటరు తీశాడు.

మైదుకూరు రోడ్డులో షెడ్డు. బయట తీగల మీద కడిగేసిన ఎక్స్‌రేలు వేలాడుతున్నాయి. వెండి పోయి, బొమ్మలు పోయి, ఒట్టి గాజు పలకల్లా ఉన్నాయి. ఎవరి ఎముకలో, ఎవరి ఊపిరితిత్తులో, ఏమీ మిగల్లేదు. లోపల నీలం డ్రమ్ములు. మందు వాసనకు కళ్ళు మండుతున్నాయి. నేను ప్రతి డ్రమ్ములోకీ తొంగి చూశాను. ఒకదాంట్లో నల్లటి ముద్ద తేలుతోంది. అదే మన ఫిలిం అనుకున్నాను.

కలీం దుప్పటి కప్పుకొని బయటికొచ్చాడు. జ్వరమట.

నాయన "జమ్మలమడుగు డబ్బా ఏం చేస్తివి?" అన్నాడు.

"ఆ డబ్బానా శెట్టీ?" అని కలీం తల గోక్కున్నాడు. "మూత తీస్తిని. లోపల పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఉండాది. మీ దేవుని ముడుపును నేనెట్ల విప్పేది? ముసలాయన తెలియక ఇచ్చినట్టుండాడు, వాపసు ఇద్దామంటే జ్వరమొచ్చె. ఫోను ఆ డ్రమ్ములో పడె."

తేలుతున్నది కలీం ఫోనుకు చుట్టిన పాత గుడ్డ. నేను అంతవరకు దానికోసం ఏడుస్తూ నిలబడ్డాను.

షెడ్డులో పైన గూట్లో, మందు నీళ్ళు చిందని చోట, శుభ్రమైన ప్లాస్టిక్ పీట మీద పెట్టి ఉంచాడు డబ్బాను. లోపల పసుపు గుడ్డ, మూడు ముళ్ళు. ఒక మూల నుంచి ఫిలిం అంచు వేలెడంత బయటికి వచ్చి ఉంది. వెనిగర్ వాసన ముక్కు బద్దలు కొట్టింది. జాఫర్‌కు ఫోను చేస్తే "ఆలస్యం చేస్తే అంటుకుపోతుంది, విప్పి చల్లటిచోట పెట్టండి" అని అరుస్తున్నాడు. నేను ముడి మీద చెయ్యి వేశాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముడుపు కట్టిన ఇంటోళ్ళే విప్పాల. మనం విప్పకూడదు."

"నాయనా, ఇందులో నువ్వు చూసిన నిజముంది. ఇన్నేళ్ళు నిన్ను చూసి నవ్వినవాళ్ళందరికీ..."

"యాడికీ పోదులే. ఇన్నేండ్లుండింది గదా, ఇంకో వారముంటుంది" అన్నాడు. మామా, ఆయన దాన్ని స్కూటరు ముందు పెట్టుకోలేదు, డిక్కీలో పెట్టలేదు. నా ఒళ్ళో పెట్టి "పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాడు.

అప్పుడే జమ్మలమడుగు పోదామన్నాను. "పిలవకుండా పోతే గొడవకొచ్చినాననుకుంటాడు. ముందు రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను. అంతవరకు ముడుపు మా ఫ్రిజ్‌లో ఉంది. అమ్మ రెండు రోజులుగా ఫ్రిజ్ తలుపు తీసి, దానికి కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి, పాలప్యాకెట్టు తీసుకొని తలుపు వేస్తోంది. ఇల్లంతా పులుపు వాసన.

వచ్చే ఆదివారం రమ్మంటారా?

మీ సాహితి.

*

(పోస్టు కార్డు)

జమ్మలమడుగు,
ఆగస్టు 19.

రండి. బావకు ఒడియాలంటే ఇష్టం గదా, వేయిస్తాను. మీ అత్త చేసినంత బాగుండవని ముందే చెప్పు.

*

జమ్మలమడుగు,
సెప్టెంబరు 3.

చి. సాహితికి మామ ఆశీర్వదించి రాయునది.

మీరు వచ్చి పోయినాక ఇంట్లో ఇంకా మీ గొంతులే ఉన్నట్టుంది. నాకు వినపడినంతవరకు.

ఆ దినం మీ నాయన వాకిట్లో నిలబడి ముడుపు నా చేతికిచ్చి, పోయి ఒడియాల గిన్నె ముందు కూర్చున్నాడు. ఎంత సేపు చూసినా ముళ్ళు రాకపోతే పంటితో విప్పినాను. నువ్వు పక్కనే ఉన్నావు, చూసినావు. ఫిలిం చక్కగా చుట్టి, నూలుదారం కట్టి. ఇసుక రేణువు లేకుండా తుడిచి. దాని నడుమ మా బిడ్డ కాలి కడియం. అది కాటిలోనే పోయిందని ఇన్నేండ్లూ అనుకున్నా. వెండి వ్యాపారి ఇంట్లో వారం రోజులు ఫ్రిజ్‌లో ఉండి, తూకానికి ఎక్కకుండా వచ్చింది.

ఆమె దేవునికి ఏమని మొక్కుకుందో నాకు తెలియదు. నేను సావును కోసి పారేస్తినని మురిసిపోయినా. ఆమె దాన్ని ఏరుకొచ్చి ముడుపు కట్టుకుంది. పెండ్లి పాట మొదట్లోదని ఆమెకు ఆ పొద్దే తెలుసు. రోజూ రెండాటలు చూసే మనిషికి చీర మారిందని తెలియదా? నాకోసమే అన్నం తినింది.

తర్వాత ఆ ఫిలిం తీసుకొని అందరం పోయినాం గదా, పులివెందుల గోడౌనులో నువ్వూ జాఫర్ యంత్రం దగ్గర ఉంటిరి, మా వైపు వీపు పెట్టి. అందుకని నువ్వు చూడనిది రాస్తాండా. అరటి గెలల మధ్య రెండు కుర్చీలు వేస్తిరి గదా, ఒకటి నాకు, ఒకటి బావకు. గోడ మీద బొమ్మ వచ్చింది. అక్కడక్కడా తెల్ల మచ్చలు, కొంచెం వంకర. కానీ అంతా ఉంది. ఆమె మెట్లు దిగింది. నీళ్ళు నడుముకొచ్చె, గొంతుకొచ్చె. చెయ్యి ఒక్కటి పైన నిలిచింది. నేను ఇన్నేండ్లు అనుకున్నదానికంటే శానా సేపు నిలిచింది ఆ చెయ్యి. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందుకు పోయింది. దాన్ని బావ పట్టుకున్నాడు. గోడ తెల్లగా అయ్యేదాకా వదల్లేదు.

హైదరాబాదు వాళ్ళకు అసలు ముగింపే ఇవ్వండి. కడియం సంగతి, బిడ్డ సంగతి వాళ్ళకు అక్కరలేదు. చూసినాక జనం మరీ బేజారైతే, వెనకాలే నాది కూడా వేయండి. 'జమ్మలమడుగు ముగింపు, కసాయి బాలసుబ్రహ్మణ్యం' అని పేరు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. స్టేజీ మాత్రం ఎక్కను.

నీ పెండ్లికి బుట్ట నేనే మోస్తా. నువ్వు లేచి నడిచిపోకుండా ఉంటేనే.

ఇంకొక్క మాట. లైటు వేయకముందు, ఇన్నేండ్లకు ఓడిపోదామని సిద్ధపడి, నేనే అడిగినాను. "బావా, నా కండ్లు మసకలు, సరిగ్గా కనపడలే. ఆఖర్న ఏమాయె?" అని. మీ నాయన గట్టిగా ముక్కు ఎగబీల్చినాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, గోడౌనులో ఉన్న అరటికాయలన్నిటికీ వినపడేటట్టు అరిచి చెప్పినాడు.

"ఏమో బావా! నాకు మళ్ళా నిద్ర పట్టె!"

మీ మామ,
బాలసుబ్రహ్మణ్యం.